రామ్‌కుమార్ కాశీ బొమ్మల్లో మనుషులు ఎటు పోయారు?

పెన్నగట్టు (నెల్లూరు) | శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. నెల్లూరులో బ్యాంకులో పని చేస్తాను. ఆదివారం తెల్లారుజామున పెన్న గట్టున కూర్చుని నీటిరంగులతో నాకు తోచింది వేసుకుంటాను. అంతకుమించి బొమ్మల చదువు లేదు. తప్పుగా అడిగితే దిద్దండి.

పోయిన నెల ఢిల్లీ వెళ్లాం. చివరి రోజు రైలుకు ఇంకా టైమ్ ఉంటే ఇండియా గేట్ దగ్గరున్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ చూసొద్దామన్నాను. లోపల చల్లగా ఉంటుందని మావారూ పిల్లాడూ ఒప్పుకున్నారు. అక్కడ రామ్‌కుమార్ అనే ఆయన వేసిన కాశీ బొమ్మ ముందు నా కాళ్లు ఆగిపోయాయి. బూడిద రంగు, మట్టి రంగు, నడుమ ఎక్కడో సున్నం కొట్టినట్టు ఒక తెల్ల ముక్క. గోడల్లాంటివి ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. కింద నల్లగా ఉన్నది నీళ్లో నీడో తెలియలేదు. మనిషన్నవాడు ఒక్కడు లేడు.

మావారు రెండు గదులు తిరిగొచ్చినా నేను అక్కడే ఉన్నాను. "దీంట్లో ఏముందని? మన వెనక వీధి పాచిగోడ ఇట్టానే ఉంటుంది గదా" అన్నారు. నాకు జవాబు రాలేదు. నిజంగానే అట్టానే ఉంది మరి!

నా ప్రశ్నలు రెండే. దీన్ని ల్యాండ్‌స్కేప్ అనొచ్చా? కాలు పెట్టడానికి చోటుండని కాశీలో ఈయనకు ఒక్క మనిషి కూడా ఎందుకు దొరకలేదు?

కందుకూరోడు | శనివారం రాత్రి 10.05

మీవారికి నా పూర్తి మద్దతు. (మాది కందుకూరు. ఏ జిల్లా అని మాత్రం అడక్కండి, అడిగిన నెలను బట్టి చెప్పాల్సి వస్తోంది.)

అక్కా, ల్యాండ్‌స్కేప్ అంటే మన బళ్లో నేర్పిన సీనరీ. రెండు కొండలు, మధ్యలో పొడిచే సూర్యుడు, కొండల నడుమ నుంచి వంకర్లు తిరిగే ఏరు, ఒడ్డున పూరిల్లు, ఇంటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో అంకె మూడును పడుకోబెట్టినట్టు నాలుగు పక్షులు. మా నాయన వేశాడు, నేను వేశాను, మా పాప మొన్న వేసింది. ఇందులో ఏది లేకపోయినా మార్కులు కట్. మరి ఈయనకు మార్కులెవరు వేశారు?

మోడరేటర్ | శనివారం రాత్రి 10.20

ఈ చర్చను 'ప్రయాణాలు' నుంచి 'బొమ్మలు' విభాగంలోకి మార్చాను. కందుకూరోడు గారూ, జిల్లాల గోలకు వేరే చర్చ ఉంది, అది ఇప్పటికే 400 పోస్టులు దాటింది. అక్కడికి పదండి.

కావలి డ్రాయింగ్ మాస్టారు | ఆదివారం ఉదయం 6.15

అబ్బాయ్ కందుకూరూ, ఆ రెండు కొండల సీనరీ నేర్పిన పాపంలో నాకూ వాటా ఉంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు అదే నేర్పాను. కావలిలో కొండ కనపడాలంటే పడమటికి బస్సెక్కాలి. సముద్రమేమో సైకిల్ దూరం. అయినా ఒక్క పిల్లాడి చేతా సముద్రం వేయించలేదు, కొండలే వేయించాను. రిటైరయ్యాక తెలిసొచ్చింది.

అమ్మా పెన్నగట్టూ, ఆయన సంగతి కొంచెం పొడుగ్గా చెప్పాలి. మీరు బ్యాంకు అన్నారు గాబట్టి అక్కడినుంచే ఎత్తుకుంటాను.

రామ్‌కుమార్ పుట్టింది సిమ్లాలో, 1924లో. ఎనిమిది మంది పిల్లలున్న ఇల్లు, తండ్రిది ప్రభుత్వోద్యోగం. హిందీ కథకుడు నిర్మల్ వర్మ ఈయనకు తమ్ముడే. ఈయనా హిందీలో కథలు రాశారు, నవల కూడా. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో ఎకనామిక్స్ ఎం.ఏ. ఆ రోజుల్లో స్నేహితుడితో కనాట్ ప్లేస్‌లో తిరుగుతూ ఒక బొమ్మల ప్రదర్శనలోకి వెళ్లారు. అక్కడ పట్టుకుంది పిచ్చి. శారదా ఉకిల్ ఆర్ట్ స్కూల్లో శైలోజ్ ముఖర్జీ దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు. చేతిలో బ్యాంకు ఉద్యోగం ఉంది, 1948లో మానేశారు. ఎనిమిది మంది పిల్లల ఇంట్లో కొడుకు వచ్చి బ్యాంకు ఉద్యోగం మానేశానంటే ఆ తండ్రి ముఖం ఎట్టా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. అంతటితో ఆగలేదు. ఆ తండ్రినే ఒప్పించి పారిస్‌కు టికెట్ కొనిపించుకున్నారు. అదీ పోవడానికి మాత్రమే, తిరుగు టికెట్ లేదు.

పారిస్‌లో ఆంద్రే లోత్ దగ్గర, ఫెర్నాండ్ లెజే దగ్గర నేర్చుకున్నారు. ఇద్దరూ క్యూబిజం దారి మనుషులే. వస్తువును పలకలు పలకలుగా విడగొట్టి మళ్లీ పేర్చే పద్ధతి అది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ఎన్నో ఏళ్లు కాలేదు. శాంతి ఉద్యమాల ఊపులో ఈయన ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీలో కూడా చేరారు.

తిరిగొచ్చి 1950లలో వేసినవన్నీ మనుషుల బొమ్మలే. ఇది గుర్తుంచుకోండి. దేశ విభజన తర్వాతి ఢిల్లీ. గుమాస్తాలు, డిగ్రీ చేతబట్టుకుని పనిలేక తిరిగే కుర్రాళ్లు, ఇల్లూ వాకిలీ పోయినవాళ్లు. పెద్ద పెద్ద కళ్లు, వాలిపోయిన భుజాలు. వెనకాల ఇరుకిరుకు ఇళ్లు, ఒక వీధిదీపం. ఇద్దరు పక్కపక్కనే నిలబడ్డా ఒకళ్లనొకళ్లు చూసుకోరు. 1956లోనూ 1958లోనూ లలిత కళా అకాడమీ జాతీయ అవార్డులు వచ్చాయి. కాబట్టి మనిషిని వేయడం రాక మానేశారని ఎవరూ అనడానికి లేదు.

1960లో ఇంకో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి కాశీ వెళ్లారు. అక్కణ్ణుంచి బొమ్మల్లో మనుషులు మాయం. ఇక 2018 ఏప్రిల్‌లో పోయేదాకా, 93 ఏళ్ల వయసు వరకూ, ఊళ్లూ కొండలూ నేలే ఆయన వస్తువులు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇంకా చెప్పలేదని తెలుసు. కాఫీ తాగొస్తాను.

కందుకూరోడు | ఆదివారం ఉదయం 8.30

మాస్టారూ, సూపర్. కానీ నాదొక డౌటు. ఆ హుస్సేన్ కూడా అదే కాశీకే పోయాడు గదా. ఆయన మనుషుల్నీ గుర్రాల్నీ వదల్లేదే! ఒకే రైలు దిగిన ఇద్దరిలో ఒకడికి కనిపించిన జనం ఇంకొకడికి కనపడకపోతే తేడా ఎక్కడుంది, కాశీలోనా కంట్లోనా?

కావలి డ్రాయింగ్ మాస్టారు | ఆదివారం ఉదయం 8.50

కంట్లోనే. నువ్వు తెలిసి అడిగావో తెలియక అడిగావో గానీ అసలు సంగతి అదే.

ఆయన కాశీలో దిగింది చలికాలపు రాత్రి. ఊరంతా చచ్చిపోయినవాళ్లే ఉన్నట్టు అనిపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. పొద్దున లేచి ఘాట్ల మీద తిరిగితే వేలమంది ఉండే ఉంటారు. కానీ రాత్రి చూసిన ఊరు కంట్లోంచి పోలేదు.

ఇంకొకటి నా సొంత లెక్క, పుస్తకాల్లో వెతక్కండి. కాశీ ఒడ్డు పడవలోంచి చూస్తే ఎట్టా ఉంటుంది? మెట్లు, మెట్ల మీద గోడలు, గోడల మీద ఇళ్లు, ఇళ్ల మధ్య గుడి శిఖరాలు. లోత్, లెజే దగ్గర కష్టపడి నేర్చుకున్న పలకల పేర్పు అక్కడ ముందే పేర్చి పెట్టి ఉంది. 1950లలో ఆయన బొమ్మల్లో ఇళ్లు వెనకాల ఉండేవి, మనుషులు ముందు. కాశీ తర్వాత వెనకున్న ఇళ్లు ముందుకొచ్చాయి. మనుషుల మొహాల్లో ఉన్న దిగులు గోడల మీదికి ఎక్కింది.

రంగుల రౌతు (ఒంగోలు) | ఆదివారం మధ్యాహ్నం 1.10

నేను పని గురించి చెప్తా. మాది ఒంగోలు. మొదట సినిమా బ్యానర్లు రాసేవాణ్ణి. ఫ్లెక్సీ వచ్చాక కుంచె మూలన పడింది, ఇప్పుడు కంప్యూటర్ మీద పెళ్లి ఫ్లెక్సీలూ, పుట్టినరోజు ఫ్లెక్సీలూ. అయినా రాత్రిపూట చెయ్యి ఊరుకోదు.

పెన్నగట్టు అక్క చెప్పిన బొమ్మ లాంటివి నేను ఫోన్లో పెద్దవి చేసి చూశాను. అది కుంచె పని కాదక్కా, ఎక్కువ భాగం కత్తి పని. పాలెట్ నైఫ్ అంటారు. మా నాయన తాపీ మేస్త్రి. ఆయన చేతిలో తాపీ చూసి పెరిగినోణ్ణి గాబట్టి నాకు చప్పున తెలిసిపోయింది. అది చిన్న తాపీ, అంతే. గోడకు మాలు ఎట్టా వేసి లాగుతారో రంగు అట్టా వేసి లాగుతాడాయన. లాగినచోట కింది పూత సన్నగా బయటపడుతుంది. అందుకే మీకు గోడలాగా అనిపించింది. మీవారు పాచిగోడ అన్నది తిట్టు కాదక్కా, చేతిపని పట్టుకున్నాడు. వేసినోడు గోడ కట్టినట్టే వేశాడు మరి.

చూసి ఊరుకోకుండా నేనూ ఒక ప్లైవుడ్ ముక్క మీద మొదలుపెట్టా. మూడు రాత్రులు పోయాయి. మొదటి రాత్రి నలుపులో తెలుపు కలిపి బూడిద రంగు చేశా, సిమెంటు పూసినట్టు చచ్చిన రంగొచ్చింది. రెండో రాత్రి అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలిపా. అప్పుడు ఊపిరొచ్చింది. నీలం ఒక చుక్క ఎక్కువైతే సాయంత్రం, మట్టి రంగు ఎక్కువైతే మిట్టమధ్యాహ్నం. మూడో రాత్రి తొందరపడి తడి మీదే ఇంకో పూత లాగేశా, అంతా కలిసి బురద. నూనెరంగు ఆరాలంటే రోజులు పడుతుంది, అంత ఓపిక ఫ్లెక్సీ బతుకులో ఎక్కడిది?

ఒకటి మాత్రం తెలిసింది. ఎవడైనా వేస్తాడు ఇదో లెక్కా అనుకున్నా. కాదు. ఏ గోడ ముందుకు రావాలో, ఏది వెనక్కి పోవాలో గీత లేకుండా రంగుతోనే చెప్పాలి. నాదాంట్లో అన్నీ ముందుకే వచ్చి కూర్చున్నాయి, పెళ్లి ఫొటోలో చుట్టాల్లాగా.

కందుకూరోడు | ఆదివారం మధ్యాహ్నం 1.25

హహ్హ పెళ్లి ఫొటో! అన్నా, ఆ ప్లైవుడ్ ముక్క ఫొటో పెట్టు.

ఇంతకీ ఆయన బొమ్మ ఎంతకమ్ముతారు?

రంగుల రౌతు | ఆదివారం మధ్యాహ్నం 1.40

పెట్టను. మా ఇంటావిడ దాన్ని కోళ్లగూటికి తలుపు చేసింది.

పెద్ద బొమ్మలు వేలంలో కోట్లకు పోయాయి తమ్ముడూ. మాట్లాడుకుంటే నిద్ర పట్టదు, వదిలెయ్.

పలకగని (మార్కాపురం) | ఆదివారం సాయంత్రం 6.30

పొద్దుటినుంచీ మీరు పలకలు పలకలు అంటుంటే నేను ఊరుకోలేకపోతున్నా. అసలు పలకల ఊరోణ్ణి నేను. మాది మార్కాపురం, మా తాత కాలం నుంచీ పలకల పని. మీలో ముప్పై ఏళ్లు దాటినోళ్లు అ ఆలు దిద్దింది మా ఊరి రాయి మీదే అయ్యుంటుంది.

ఈయన పేరు ఇవాళే విన్నా. బొమ్మలు వెతికి చూశా. కాశీవి సంగతి తెలియదు గానీ తర్వాత వేసిన కొండల బొమ్మలున్నాయి చూడండి, అవి మా గని గోడే. రాయిని నిలువుగా పెట్టి ఉలితో అంచున తడితే పొర విడిపోతుంది. విడిన ముఖం ఒకచోట బూడిద, ఒకచోట ఆకుపచ్చ తేలిన బూడిద, నీరు దిగినచోట తుప్పు రంగు చార. అంచుల్లో విరిగిన పొరలు ఒరిగి ఒకదాని మీద ఒకటి. ఆ బొమ్మల్లోని ముక్కలు కూడా అట్టా ఒరిగే ఉన్నాయి.

మా గనికి వచ్చిన సార్లెవరో చెప్పారు, పలకరాయి ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న బురదేనంట. మీద బరువు పడీ పడీ గట్టిపడి పొరలు కట్టిందంట. నేను దాన్ని నలభై ఏళ్లుగా కోస్తున్నా, రంగు చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలా. పలక అంటే మాకు సైజూ రేటూ. ఇవాళ కాసేపు గని దగ్గర ఊరికే నిలబడ్డా. పనోళ్లు ఏమైందన్నా అని అడిగారు.

పెన్నగట్టు | ఆదివారం రాత్రి 9.15

ఇన్ని పోస్టులు వస్తాయని అనుకోలేదు. పలకగని అన్నా, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. రంగుల రౌతు తమ్ముడూ, నీది కూడా. 'చేతిపని పట్టుకున్నాడు' అన్నచోట కాలర్ ఎగరేశారు.

మాస్టారు దిగులు గోడల మీదికి ఎక్కిందన్నారు కదా, అది చదివాక నాకొకటి గుర్తొచ్చింది. 2021 నవంబర్. సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తితే పెన్న పొంగింది. కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. గట్టు పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చేశాయి. నీళ్లు తీసిన రెండో రోజో మూడో రోజో అటు వెళ్లాను. మా బ్యాంకు ఖాతాదారులు చాలామంది అక్కడే ఉండేవారు. వీధిలో ఒక్క మనిషి లేడు, అంతా ఇంకా బడుల్లోనూ చుట్టాలిళ్లలోనూ ఉన్నారు. ఇళ్లకు తలుపులు తెరిచే ఉన్నాయి. ప్రతి గోడ మీదా ఒకే ఎత్తున బురద గీత. గీత కింద అంతా ఒకటే రంగు, పైన ఎవరింటికి వాళ్లు వేసుకున్న రంగు. పచ్చ, నీలం, గులాబీ.

ఢిల్లీలో ఆ బొమ్మ ముందు ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు తెలుస్తోంది. అది నేను చూసిన వీధి.

గుండ్లకమ్మ పిన్ని (ఒంగోలు) | ఆదివారం రాత్రి 10.50

నాకు బొమ్మల సంగతి తెలియదు, మా మనవరాలు ఈ చర్చ చదివి వినిపించింది. కాశీ మాట వచ్చింది గాబట్టి నేను చెప్తుంటే అది టైపు చేస్తోంది.

నేను కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేశాను. మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలో దిగాం. భాద్రపదంలో వెళ్లాం, అప్పుడే గంగ వరద తీసింది. మెట్లన్నీ ఒండ్రు. మామూలు ఒండ్రు కాదమ్మా, మోకాళ్ల లోతు. కుర్రాళ్లు పెద్ద పైపులతో నీళ్లు చిమ్మి మెట్టు మెట్టూ బయటికి తీస్తున్నారు. ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు ఒడ్డు వెంబడి నడిచే వీలే లేదు, సందుల్లోంచి పోవాలి. ఆ పెద్దమనిషి బొమ్మలో జనం లేరని మీరు ఆశ్చర్యపోతున్నారు. వానాకాలం చివర్లో వెళ్లి చూడండి, మెట్లే ఉండవు, ఇక జనం ఎక్కడ నిలబడతారు?

అయితే నేను చెప్పదలచుకుంది అది కాదు. నేను వెళ్లింది మావారి అస్థికలు కలపడానికి. పొద్దున నాలుగింటికి పడవెక్కించారు. పడవలో మా పెద్దవాడు, పంతులుగారు, ఇంకా రెండు కుటుంబాలు. ఒడ్డున సుప్రభాతం, గంటలు, స్నానాలకు వచ్చినవాళ్లు. అందరూ ఉన్నారంట. మా వాడు తర్వాత చెప్పాడు, ఎంత జనమమ్మా అని. నాకు ఒక్కరూ కనపడలేదు. గోడలు కనపడ్డాయి. చీకట్లోంచి మెల్లగా తెల్లబడుతున్న గోడలు. అవి మాత్రం ఇప్పుడు కళ్లు మూసుకున్నా చెప్పగలను, ఎక్కడ కిటికీ ఉందో ఎక్కడ పెచ్చు ఊడిందో.

ఆయన ఎవరిని పోగొట్టుకుని వెళ్లాడో మరి.

కందుకూరోడు | ఆదివారం రాత్రి 11.20

పిన్నీ, నమస్కారం. పొద్దుటినుంచీ జోకులేశాను, ఏమీ అనుకోవద్దు.

కావలి డ్రాయింగ్ మాస్టారు | సోమవారం ఉదయం 6.05

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను నిన్న చెప్పిన లోత్, లెజే కబుర్లు పక్కన పెట్టేయొచ్చు.

మీ ఆఖరి మాటకు మాత్రం ఒకటి చెప్పాలి. ఆయన ఒకరిని పోగొట్టుకుని వెళ్లారని నేను అనుకోవడం లేదు. పదేళ్లపాటు ఢిల్లీ వీధుల్లో ఇళ్లు పోయినవాళ్లను వేసి వేసి, అంతమందినీ మోసుకుని వెళ్లారు. ఒక్కొక్క మొహం వేస్తే ఒక్కొక్కరి కథ అవుతుంది. గోడ వేస్తే అందరిదీ. కథలు రాసే మనిషి గదా, ఈ తేడా ఆయనకు తెలియకుండా ఉండదు.

రంగుల రౌతు | సోమవారం ఉదయం 9.40

మాస్టారూ, పెద్దవారు, మిమ్మల్ని కాదంటున్నా అనుకోకండి. పిన్నిగారి మాట నాకూ గొంతులో అడ్డుపడింది. కానీ ఆయన బొమ్మలన్నిటినీ శ్మశానం కట్టేస్తే అన్యాయమవుతుంది. 1960లలోని కాశీ ఒక్కటే చూసి మనం మాట్లాడుతున్నాం. ఆ తర్వాత ఇంకో యాభై ఏళ్లు వేశాడు. లడఖ్ వెళ్లాడు, హిమాలయాలు వేశాడు. తర్వాతి బొమ్మల్లో పసుపు వస్తుంది, పచ్చ వస్తుంది, నీలం ఆకాశంలా తెరుచుకుంటుంది. ఒక పసుపు ముక్క చూశా, మన వైపు వరి పండినప్పుడు కాలవ గట్టు మీంచి చూసినట్టే ఉంది. అందులో దిగులెక్కడుంది? పుట్టింది సిమ్లాలో అన్నారుగా, చిన్నప్పుడు చూసిన కొండల దగ్గరికి తిరిగిపోయాడు. నాకైతే ఆ వయసు మీదపడ్డాక వేసినవే ఇష్టం. చెయ్యి తేలికైంది.

కావలి డ్రాయింగ్ మాస్టారు | సోమవారం ఉదయం 10.15

చెయ్యి తేలికైంది, నిజమే. కొన్నిట్లో మరీ తేలికైంది. నా లెక్కలో 1960లలోని బూడిద రంగు బొమ్మలు ఒక ఎత్తు, మిగతావన్నీ ఒక ఎత్తు. 1972లో పద్మశ్రీ, 2010లో పద్మభూషణ్ ఇచ్చారు. ఏది చూసి ఇచ్చారని నన్నడిగితే ఆ కాశీ చూసే అంటాను. నీ పసుపు బొమ్మలు అందంగా ఉంటాయి, గోడకు పెట్టుకోవచ్చు. కాశీ బొమ్మ గోడకు పెట్టుకుంటే అన్నం సయించదు. నాకు రెండోదే కావాలి.

రంగుల రౌతు | సోమవారం ఉదయం 10.22

అన్నం సయించని బొమ్మ ఎందుకు మాస్టారూ! పొద్దస్తమానం ఫ్లెక్సీలు చూసే నాకు ఇంటికొస్తే ఆ పసుపే కావాలి. ఇద్దరం ఎవరి గోడ వాళ్లం చూసుకుందాం.

పలకగని | సోమవారం మధ్యాహ్నం 2.00

మీ ఇద్దరిదీ తేలదు గానీ, అక్క అడిగిన మొదటి ప్రశ్న వదిలేశారు. ల్యాండ్‌స్కేపేనా కాదా?

కందుకూరోడు | సోమవారం మధ్యాహ్నం 2.30

నేను చెప్తా, మొదట అడ్డం తిరిగింది నేనే గాబట్టి. నిన్న రాత్రి మా పాప వేసిన సీనరీ మళ్లీ తీసి చూశా. దాంట్లోనూ మనుషులు లేరు! ఇన్నేళ్లలో ఇది నా కంటికి ఆనలేదు. ఇల్లుంది, తలుపు తెరిచుంది, ఏట్లో పడవ ఉంది, మనిషి లేడు. "ఇంట్లోవాళ్లేరే?" అని అడిగా. "పొలం పోయారు నాన్నా" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

కాబట్టి ల్యాండ్‌స్కేపే. మార్కులు వేసేశాను. అయినా నాకు హుస్సేనే ఇష్టం, అది మారదు.

కావలి డ్రాయింగ్ మాస్టారు | సోమవారం మధ్యాహ్నం 2.45

31 ఏళ్లు వందలమంది చేత వేయించాను, నేనూ ఎప్పుడూ గమనించలేదు. పాప పేరు మీద ఒక పెద్ద డ్రాయింగ్ పుస్తకం కొనివ్వు, డబ్బులు నేనిస్తాను. ఇంకెవరి చేతా కొండలు వేయించనని మాటివ్వు చాలు.

పెన్నగట్టు | తర్వాతి ఆదివారం రాత్రి 8.10

వారం రోజులు ఏమీ రాయలేదు, క్షమించండి. ఆడిట్ టెన్షన్.

ఇవాళ పొద్దున గట్టుకు వెళ్లాను. ఎప్పుడూ రంగనాయకుల గుడి గాలిగోపురం వైపు తిరిగి కూర్చునేదాన్ని. ఈసారి దానికి వీపు పెట్టి కాలనీ వైపు కూర్చున్నాను. కత్తి కొనలేదు, పాత ఏటీఎం కార్డుతో రంగు లాగాను. (రౌతు తమ్ముడూ, బాగానే పనిచేస్తుంది, ప్రయత్నించు.) నీలంలో మట్టి రంగు కలిపే కిటుకు కూడా వాడాను. మనుషుల్ని కావాలని తీసేయలేదు. గోడలు పెట్టుకుంటూ పోతుంటే వాళ్లకు చోటు మిగల్లేదు, అంతే. గోడల మీద అడ్డంగా బురద గీత లాగాను. ఇప్పుడు అక్కడ ఆ గీత లేదు, అందరూ సున్నాలు వేసుకున్నారు. గుర్తున్నంతలో వేశాను.

ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద ఆరబెట్టాను. మావారు టీ కప్పుతో వచ్చి చూశారు. పాచిగోడ అంటారని కాచుకుని ఉన్నాను. చాలాసేపు చూశారు. వరదప్పుడు ఆ కాలనీలో అన్నం పొట్లాలు పంచడానికి నాలుగు రోజులు తిరిగారు ఆయన. ఇంటికొచ్చి అప్పట్లో ఏమీ చెప్పేవారు కాదు, నేనూ అడగలేదు.

"గీత ఇంకొంచెం పైకి వెయ్యి" అన్నారు. "ఆ చివరింట్లో కిటికీ సగం దాకా వచ్చాయి నీళ్లు."

ఇప్పుడేం చేయాలి మాస్టారూ, రంగు ఆరిపోయింది.

కావలి డ్రాయింగ్ మాస్టారు | తర్వాతి ఆదివారం రాత్రి 8.25

పైన ఇంకో గీత లాగమ్మా. కిందిది చెరపొద్దు, ఉండనీ.

కందుకూరోడు | తర్వాతి ఆదివారం రాత్రి 8.31

ఫొటో ఏదక్కా?